మత్తడి పైన మట్టి, మత్తడి కింద మట్టి

వరంగల్‌లో ఇప్పుడు నలుగురు కలిసి చాయ్ తాగితే చాలు, ఎవరో ఒకరు ఫోన్ తీసి మ్యాపు చూపిస్తారు. ఔటర్ రింగు రోడ్డు ఏ ఊరి పక్క నుంచి పోతుంది, ఎవరి సర్వే నంబరు దాని కింద పడుతుంది అని. వాట్సాప్‌లో తిరిగే ఆ మ్యాపులో ఎంత నిజమో ఆ దేవుడికే తెలియాలి. అయినా వేళ్ళతో సాగదీసి సాగదీసి చూస్తాం. ఇంకో మ్యాపు ఉంది. ప్రభుత్వమే మన పన్నుల డబ్బుతో 2001 నుంచి తయారు చేయిస్తోంది. మన చెల్కల్లో, ఒర్రెల్లో, వాగుల్లో ఏ మూలకం ఎంత ఉందో చెప్పే మ్యాపు, భూరసాయన పటం అది. దాన్ని తెరిచి చూశానన్న డాక్టరు గానీ, వ్యవసాయాధికారి గానీ, సర్పంచ్ గానీ నాకు ఇంతవరకు తగల్లేదు. గనుల సంగతి చూసేవాళ్ళు మాత్రం చూస్తారు. నా గొడవంతా అదే.

ఈ పని చేస్తున్నది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ). 1851లో ముఖ్యంగా బొగ్గు వెతకడానికి పుట్టిన సంస్థ కాబట్టి దాని చూపు మొదటి నుంచీ భూమిలో దొరికే సొమ్ము మీదే. తప్పు పట్టను, దాని ఉద్యోగం అది. దేశాన్ని కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో వాగు ఒండ్రు తీస్తారు. పక్కపక్క నాలుగు గళ్ళ ఒండ్రును కలిపి ఒక శాంపిల్ చేస్తారు. అంటే నాలుగు చదరపు కిలోమీటర్లకు ఒకటి. ఒక టోపోషీటు, అంటే సర్వే మ్యాపులో ఒక పలక, సుమారు 700 చదరపు కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి, షీటుకు 175 దాకా శాంపిళ్ళు. మట్టి, నీళ్ళు ఇంకాస్త ఎడంగా తీస్తారు. ఒక్కో శాంపిల్లో సుమారు అరవై మూలకాలు కొలుస్తారు. ఇనుము, మాంగనీసు లాంటి తెలిసిన పేర్ల నుంచి లాంథనం, సీరియం లాంటి నోరు తిరగని పేర్ల దాకా.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషిని. నా దగ్గర చదువుకున్న వాడొకడు ఈ పనిలో ఉండడంతో ఒక చలికాలం జఫర్‌గఢ్ వైపు వాళ్ళ వెంట పోయాను. ఎక్కడ బడితే అక్కడ పారతో తోడుకోవడమే కదా అనుకునేవాళ్ళు ఆ తతంగం ఒక్కసారి చూడాలి. ముందు అందరి ఉంగరాలు, గడియారాలు తీయించారు. కూలికి వచ్చిన తాత రాగి కడియం ఎంత తిప్పినా ఊడలేదు. దాంతో ఆయన్ని జల్లెడ దగ్గర నుంచి సంచులు పట్టుకునే పనికి మార్చారు. బంగారాన్ని వంద కోట్ల భాగాల్లో ఒకటి రెండు భాగాల దాకా లెక్కపెట్టే పరీక్ష అది. వేలి ఉంగరం రాసుకుంటే చాలు, జఫర్‌గఢ్‌లో బంగారు గని ఉందని రిపోర్టు వస్తుంది!

ఒర్రె అడుగున పైపొర గీకేసి, పది ఇరవై గజాల మేర అక్కడింత అక్కడింత ఒండ్రు తీశారు. ఒక్క గుంటలోనే తీస్తే ఆ గుంట సంగతే తెలుస్తుంది మరి. ఎండబెట్టి, గడ్డలు చిదిపి, 120 మెష్ జల్లెడ (అంగుళానికి 120 కన్నాలున్నది) పట్టారు. కిందికి దిగింది ముగ్గుపిండి కంటే మెత్తగా ఉంది. దాన్ని కుప్ప పోసి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు రెండు పాళ్ళు ఉంచుకుని మిగతావి పారబోశారు. మళ్ళీ కుప్ప, మళ్ళీ నాలుగు పాళ్ళు. కావలసినంత తూకానికి వచ్చేదాకా అదే. ఇసుక రేణువులు వదిలి సన్న పిండినే ఎందుకు పట్టుకుంటారంటే, నీళ్ళలో కరిగి వచ్చే లోహాలు బంకమట్టి రేణువులకూ, వాటి మీది ఇనుము, మాంగనీసు పొరలకూ అతుక్కుంటాయి. ముతక ఇసుకలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్. అది ఎక్కడైనా ఒకటే, దానివల్ల తెలిసేది తక్కువ.

ఇంత పెద్ద దేశానికి ఒండ్రే ఎందుకు అంటే, వాన ఆ పని ముందే చేసి పెట్టింది కాబట్టి. గుట్ట మీద కురిసిన వాన రాళ్ళనూ మట్టినీ కొంచెం కొంచెం గీకి, కలిపి, ఒర్రెలోకి దించుతుంది. ఒర్రె మూతి దగ్గర తీసిన గుప్పెడు ఒండ్రులో దాని పైనున్న నేలంతా సగటున ఉంటుంది. ప్రపంచమంతా ఈ లెక్క మీదే నడుస్తోంది. చైనా 1979లో మొదలుపెట్టింది. యూరప్‌లో 26 దేశాలు ఒకే పద్ధతిలో శాంపిళ్ళు తీసి 2005లో అట్లాసు వేశాయి. భూగోళం మొత్తాన్ని 160 కిలోమీటర్ల గళ్ళుగా చేసి సుమారు అయిదు వేల గళ్ళలో చూడాలని 1995లో యునెస్కో వేసిన నివేదికలో రాశారు.

కానీ ఈ లెక్క మన తెలంగాణలో తిన్నగా నడవదు. ఇక్కడ వాగు వాగులా ఉండదు. కాకతీయుల కాలం నుంచీ, అంతకు ముందు నుంచీ కూడా, పై చెరువు మత్తడి (అలుగు) దూకితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చారు. పాకాల, రామప్ప, లక్నవరం పేరున్నవి. పేరు లేని కుంటలు ఎన్నో. ప్రతి కట్టా నీళ్ళతో పాటు ఒండ్రునూ ఆపుతుంది. మత్తడి మీదుగా కిందికి దూకే నీళ్ళలో సన్నటి బురద తప్ప బరువైన రేణువులు ఉండవు. కాబట్టి మత్తడి పైన తీసిన శాంపిల్ గుట్టల సంగతి చెబుతుంది. మత్తడి కింద తీసింది ఎక్కువగా కట్ట కింది పొలాల సంగతే చెబుతుంది. రెండింటి మధ్య దూరం అర ఫర్లాంగే కావచ్చు. శాంపిల్ తీసేవాళ్ళు చెరువులు దాటి, పుట్టుక దగ్గరి సన్న ఒర్రెల దాకా ఎక్కాల్సిందే. మా వాడు మధ్యాహ్నం దాకా ఎక్కించి నా మోకాళ్ళు అరగదీసింది అందుకే.

ఇంకో తిరకాసు 2015లో వచ్చింది. మిషన్ కాకతీయ. లెక్కలోకి తీసుకున్న చెరువులు 46 వేల పైచిలుకు. పూడిక తీసి ట్రాక్టర్లతో చెల్కల్లో తోలుకున్నారు. నేను దాన్ని మెచ్చుకునే వాళ్ళలో ఒకణ్ణి. నీళ్ళు నిలవని ఎర్ర చెల్కకు చెరువు మట్టి పడితే తేమ నిలుస్తుంది, రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే రసాయనం వైపు నుంచి చూస్తే జరిగింది చిన్న విషయం కాదు. ఏళ్ళ తరబడి గుట్ట మీద నుంచి చెరువులోకి దిగిన ఒండ్రు ఒక్క ఎండాకాలంలో లేచి ఇంకో గడిలోని పొలం మీద పరుచుకుంది. ఆ పొలం పై జానెడు ఇప్పుడు ఆ పొలానిది కాదు. దానికి తోడు శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళు మన చెరువుల్లోకి వస్తున్నాయి. గోదావరి ఎగువన పారేది నల్ల బసాల్టు రాతి మీద. ఆ రాతిలో టైటానియం, వెనేడియం, రాగి మన గ్రానైట్ కంటే ఎక్కువ. మేటలో పెద్ద భాగం డ్యాములోనే ఆగినా సన్న ఒండ్రు కొంత కాలువ పట్టుకుని వస్తుంది.

అందుకే మట్టి శాంపిల్ పైన గీకి తీయరు. దున్నే పొర, దాని కింది పొర దాటి, ఊరి రాయి చితికి మొరంగా మారుతున్న చోటు దాకా తవ్వి తీస్తారు. ఎరువు గానీ, పూడిక గానీ, కాలువ నీళ్ళు గానీ అంత లోతుకు పెద్దగా పోవు. నేల పుట్టినప్పటి నుంచీ తనదైన లెక్క అక్కడ ఉంటుంది. పై పొర పంటకు ముఖ్యం, కింది పొర బోరు నీళ్ళకు ముఖ్యం. రెండూ కావాలి, ఒకటి చూసి రెండోదాన్ని ఊహించలేం.

బోరు నీళ్ళ మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతి చెప్పాలి. మా మేనత్తకు నీళ్ళు పరీక్ష చేయడానికి ఒకటే పద్ధతి. పప్పు ఉడికితే మంచి నీళ్ళు, ఉడక్కపోతే ఉప్పు నీళ్ళు. మోటబావి ఎండిపోయి ఇంటి ముందు బోరు వేయించినప్పుడు, పప్పు రెండు పొంగులకే మెత్తబడిందని వాడకట్టంతా చెప్పుకుంది. నీళ్ళు తియ్యగా కూడా ఉన్నాయి. ఆ తియ్యదనంతోనే చిక్కు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళలో చాలాచోట్ల కాల్షియం తక్కువుంటుంది. కాల్షియం ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని రాయిగా కట్టేస్తుంది. మన ఎండలకు కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలోనే తేలిపోతే, మిగిలిన నీళ్ళు సోడియం, బైకార్బొనేట్లతో నిండి రాతిలోని ఫ్లోరైడ్‌ను తేలిగ్గా లాక్కుంటాయి. అలాంటి నీళ్ళలో పప్పు బ్రహ్మాండంగా ఉడుకుతుంది. మన గ్రానైట్‌లోని నల్ల అభ్రకంలో, అపటైట్ అనే ఖనిజంలో ఫ్లోరిన్ ఉంటుంది. బోరు లోతుకు పోయేకొద్దీ, నీళ్ళు రాతితో ఎక్కువ కాలం కాపురం చేసేకొద్దీ, అది నీళ్ళలోకి దిగుతుంది.

ఆ నీళ్ళు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాను. ఎవరికిచ్చానో ఇక్కడ అనవసరం. వచ్చిన కాగితంలో పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్ అన్నీ ఉన్నాయి. ఫ్లోరైడ్ ఎదురుగా ఒక అడ్డగీత. కింద ‘తాగడానికి యోగ్యం’ అని ముద్ర. ఆ గీత అంటే లేదనా, చూడలేదనా అని అడిగితే కౌంటర్లో ఉన్నాయన నన్నే ఎగాదిగా చూశాడు. వాడకట్టులో పిల్లలకు ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చే గార పళ్ళు మొదలయ్యాక, ఇంకోచోట పరీక్ష చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. మన దేశ ప్రమాణం ప్రకారం 1.0 దాకా మంచిది, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఆ పైన కూడదు. ఇప్పుడు భగీరథ నల్లా వస్తోంది. అయినా చాయ్‌కి బోరు నీళ్ళే రుచి అనేవాళ్ళు మా వాడకట్టులో ఇంకా ఉన్నారు, మా మేనత్తతో సహా.

ఆ అడ్డగీత లాంటిదే పెద్దది ఒకటి బంగ్లాదేశ్‌లో జరిగింది. 1992లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే అక్కడి గొట్టపు బావుల నీళ్ళు పరీక్షించింది. చాలా మూలకాలు చూసింది గానీ, ఆర్సెనిక్ అనే విషాన్ని చూడలేదు. కోట్ల మంది తాగుతున్న నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని తర్వాత బయటపడింది. ఒక గ్రామస్థుడు బ్రిటన్ కోర్టులో కేసు వేస్తే, ఆయన పట్ల ఆ సంస్థకు చట్టపరమైన బాధ్యత లేదని 2006లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్‌లో ఆర్సెనిక్ రోగులను 1983లోనే గుర్తించారు. పక్క దేశంలో పరీక్ష చేసినవాళ్ళ జాబితాలో ఆ పేరు లేదు, అంతే. కావలసింది ముందే అనుకుని వెతికితే అనుకున్నదే దొరుకుతుంది. భూరసాయన పటం గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. అది ఎవరి అనుమానం మీదా ఆధారపడకుండా, అరవై మూలకాలనూ ఒకే చూపుతో చూస్తుంది.

దీనికి పక్కన మన సాయిల్ హెల్త్ కార్డు పెట్టండి. 2015లో వచ్చిన ఆ కార్డులో ఉండేవి పన్నెండు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం. అన్నీ పంట కోసం చూసేవే. మనిషికి కూడనివి ఒక్కటీ లేదు. ఫ్లోరిన్ లేదు, ఆర్సెనిక్ లేదు, సీసం, కాడ్మియం, యురేనియం లేవు. భాస్వరం తక్కువుందని కార్డు చెబితే డీఏపీ చల్లుతాం. ఆ డీఏపీ పుట్టిన ఫాస్ఫేట్ రాతిలో ఫ్లోరిన్, కాడ్మియం, యురేనియం కొద్దికొద్దిగా ఉంటాయి. ఏటా చల్లేది ఎంత, నేలలో ముందే ఉన్నది ఎంత అని కార్డును అడిగితే బదులు రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను మోసం చేసినట్టే. కార్డు కొలిచేది మొక్కకు అందే భాగం. పటం కొలిచేది మట్టిలో ఉన్న మొత్తం. మట్టిలో జింకు బోలెడు ఉండి కూడా వరికి అందక ఆకులు తుప్పు రంగుకు తిరగవచ్చు. గ్రానైట్ నేలలో ఫ్లోరిన్ పది లక్షల పాళ్ళలో వందల పాళ్ళు ఉండడం మామూలే. దాన్ని చూసి నీళ్ళు విషమని గోల చేస్తే అది అజ్ఞానం. నాలుగు చదరపు కిలోమీటర్లకు ఒక శాంపిల్ మీ ఇంటి బోరు గురించి ఏమీ చెప్పదు. బోరు నీళ్ళను బోరు దగ్గరే పరీక్షించాలి. ఏ ఊళ్ళలో ముందుగా, ఏ మూలకం కోసం పరీక్షించాలో పటం చెబుతుంది. చేతిలో ఉన్న కిట్లు, మనుషులు, డబ్బు ఎప్పుడూ తక్కువే కాబట్టి, ఆ వరుస తెలియడమే సగం పని.

పటాన్ని జనం చేతిలో పెడితే భయపడతారని, భూముల ధరలు పడిపోతాయని నాతో వాదించినవాళ్ళు ఉన్నారు. అందులో ఒకాయన ప్లాట్ల వ్యాపారి, ఆయన టెన్షన్ నాకు అర్థమైంది. నిజానికి దాచిందేమీ లేదు. జీఎస్‌ఐ వారి భూకోశ్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా దించుకోవచ్చు. కాకపోతే అది ఇంగ్లిష్‌లో, పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్ళు) అంకెలతో, భూశాస్త్రం చదివినవాళ్ళకే అర్థమయ్యేలా ఉంది. 2023లో గనుల చట్టాన్ని సవరించి 24 ఖనిజాలను కీలకమైనవిగా జాబితా చేశాక, లిథియం ఎక్కడ, అరుదైన లోహాలు ఎక్కడ అని ఆ అంకెలను జల్లెడ పడుతున్నారు. పట్టనివ్వండి. అవే అంకెలను ఒక పిల్లల డాక్టరు చూస్తే ఇంకోటి కనిపిస్తుంది.

ఊరికే అనడం లేదు. శ్రీకాకుళంలో పుట్టిన మన తెలుగు వైద్యుడు వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాచల్‌లోని కాంగ్డా లోయలో మొదలుపెట్టిన పని చూడండి. అక్కడి నేలలో, నీళ్ళలో అయోడిన్ లేక ఊళ్ళకు ఊళ్ళే గొంతువాపుతో ఉన్నాయి. కొన్ని ప్రాంతాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి తేడా చూపించారు. 1962లో దేశమంతటికీ గొంతువాపు నివారణ కార్యక్రమం మొదలైంది. ఫిన్లాండ్ తన నేలలో సెలీనియం తక్కువని తెలుసుకుని 1984 నుంచి ఎరువుల్లోనే దాన్ని కలుపుతోంది. చైనాలో కెషాన్ అనే చోట గుండె కండరాలను దెబ్బతీసిన జబ్బుకు మూలం వెతికితే, అదీ నేలలో సెలీనియం కొరత దగ్గరికే తేలింది. మన దగ్గర పంజాబ్‌లో కొన్ని ఊళ్ళలో అదే సెలీనియం ఎక్కువై పశువుల గిట్టలు ఊడిపోయాయి. నేలలో ఎక్కువ తక్కువలు ఒంట్లోకి వస్తాయి. రోగి ఏ ఊరివాడో రాసుకునే డాక్టరు ఆ ఊరి మట్టి సంగతి కూడా చూస్తే పోయేదేమీ లేదు.

ఇక అసలు పంచాయితీ. ఉత్తర తెలంగాణలో బొగ్గు గనులున్నాయి, థర్మల్ కేంద్రాలున్నాయి, గ్రానైట్ క్వారీలున్నాయి, సున్నపురాయి మీద సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. రామగుండం, మంచిర్యాల, భూపాలపల్లి వైపు ఎక్కడ నీళ్ళ గొడవ వచ్చినా రెండే మాటలు వింటాం. ఊరివాళ్ళు అంతా ఫ్యాక్టరీ వల్లే అంటారు. అవతలివాళ్ళు ఈ నేలలో మొదటి నుంచీ ఉన్నదే అంటారు. రెండూ కొంత నిజం కావచ్చు, రెండూ అబద్ధం కావచ్చు. గోదావరి లోయలోని గోండ్వానా కాలపు షేళ్ళలో (బురద గట్టిపడి అయిన రాళ్ళలో), బొగ్గులో వాటి సొంత లోహాలు వాటికి ఉంటాయి, నిజమే. ఆ బొగ్గును కాల్చితే బూడిదలో అవే లోహాలు చిక్కబడతాయి, అదీ నిజమే. ఎంత ముందే ఉంది, ఎంత తర్వాత వచ్చింది అన్నదే ప్రశ్న. ముందటి అంకె లేకపోతే ఆ ప్రశ్నకు జవాబే లేదు, గొంతు పెద్దదైనవాడిదే గెలుపు. ‘ప్రకృతి సహజం’ అన్న మాట చాటున ఎంతమంది తప్పించుకున్నారో, ఎంతమంది మీద ఉత్త పుణ్యానికి నింద పడిందో చెప్పలేం.

కొత్త గనికి గానీ ఫ్యాక్టరీకి గానీ అనుమతి అడిగేటప్పుడు పర్యావరణ ప్రభావ నివేదిక ఇవ్వాలి. పెద్ద ప్రాజెక్టులకు చుట్టూ 10 కిలోమీటర్ల మేర మొదటి స్థితిని చూపిస్తారు. మామూలుగా ఒక్క సీజన్లో, కొద్ది చోట్ల తీసిన మట్టితో. శాంపిళ్ళు తీసేది ప్రాజెక్టువాళ్ళు డబ్బిచ్చి పెట్టుకున్న కన్సల్టెంట్లే. పది కిలోమీటర్ల వ్యాసార్ధం అంటే 314 చదరపు కిలోమీటర్లు. జాతీయ పటంలో ఆ జాగాకు 78 దాకా శాంపిళ్ళు ఉంటాయి. ఫ్యాక్టరీతో లావాదేవీ లేనివాళ్ళు తీసినవి, పునాది రాయి పడకముందు తీసినవి. వాటిని నివేదికకు జతచేయాలన్న షరతు పెట్టడానికి కొత్త సర్వే అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రాలు ముందే ఉన్నచోట పటంలోని అంకె అప్పటికే కలిసిపోయిన అంకె. అక్కడ ఎగువ ఒర్రెల్లో, లోతు మొరంలో తీసినవాటితో పోల్చి చూడాలి. కొత్తగా తవ్వబోయే చోట మాత్రం ఇదే ఆఖరి అవకాశం.

ప్రజాభిప్రాయ సేకరణకు టెంటు వేసి, కుర్చీలు వేసి, కలెక్టరు గారు మైకు ఇచ్చినప్పుడు మనవాళ్ళు ఉద్యోగాలెన్ని, ఎకరాకు ఎంత అని అడుగుతారు. అడగాల్సిందే. దానితో పాటు మా మండలం టోపోషీటు నంబరు ఎంత, దాని శాంపిళ్ళలో ఆర్సెనిక్, పాదరసం, ఫ్లోరిన్ ఎంతెంత ఉన్నాయి, అవి మీ నివేదికలో ఏ పేజీలో ఉన్నాయి అని కూడా అడగాలి. లేవంటే, తెచ్చేదాకా సభ వాయిదా వేయమని మినిట్స్‌లో రాయించాలి.